ఊరి పేరు ఎవరి సొత్తు? పోచంపల్లి బట్ట, తంగేడు తోలు, నాచారం చాకిరీ

తెలుగు నేల మీద ఊరనేది ఎన్నడూ ఒక్కటి కాదు. ఊరు వేరు, వాడ వేరు. శిస్తు వసూళ్లకు, ఓట్లకు, వెట్టికి పిలిచేటప్పుడు రెండూ కలిపి ఒకే ఊరు. బావి కాడ, గుడి కాడ, హోటల్లో చాయ్ గ్లాసు కాడ మాత్రం రెండు ఊర్లు. నీళ్ల గురించి, భూమి గురించి, గౌరవం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను దళిత ఉద్యమం ఎప్పటినుంచో చెబుతూనే వుంది. ఇప్పుడు ఊరి పేరు గురించి కూడా అదే మాట అడగాల్సి వచ్చింది. ఎందుకంటే 1999లో పార్లమెంటు చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం తర్వాత ఊరి పేరు వట్టి పేరుగా మిగల్లేదు. అది రిజిస్టరులోకెక్కే హక్కయింది. ఎగుమతి సరుకు మీద ముద్రయింది. ధర అయింది. మరి ఆ పేరు మీద హక్కు ఊరిదేనా, వాడకు కూడా వాటా వుందా? ఈ వ్యాసంలో మేం తేల్చుకోదలుచుకున్నది ఈ ఒక్క ప్రశ్న.

ఉప్పల్ నుంచి చూస్తే

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం పక్కపక్కనే వున్న పారిశ్రామికవాడలు. మందులు, రసాయనాలు, ఇంజినీరింగు సామాన్లు, రెడీమేడ్ బట్టలు తయారయ్యే షెడ్లు ఇక్కడ వరసగా కనిపిస్తాయి. వరంగల్ రోడ్డు మీదుగా పని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగుతారు. వాళ్లలో మాల, మాదిగ కుటుంబాల వాళ్లున్నారు, మగ్గం ఆగిపోయిన నేత కుటుంబాల వాళ్లున్నారు, చేతివృత్తులు చెడిన తక్కిన బహుజన కులాల వాళ్లున్నారు.

అదే ఉప్పల్‌లో మూసీ ఒడ్డున, ఒకప్పటి బాగాయత్ భూముల్లో, 2019లో శిల్పారామం తెరిచారు. చేనేత, హస్తకళల అంగళ్ల కోసం కట్టిన చోటది. అట్లాంటి అంగడిలో బట్టకు ఊరు వుంటుంది: పోచంపల్లి, గద్వాల, నారాయణపేట. కొద్ది దూరంలో నాచారం షెడ్డులో కుట్టిన చొక్కాకు ఊరు వుండదు. మెడ కాడ పట్టీ మీద కొన్న కంపెనీ బ్రాండు, దేశం పేరు, ఉతికే పద్ధతి వుంటాయి, అంతే. రెండూ చేతులతో చేసినవే. రెండూ దేశం దాటి పోయేవే. ఒకదానికి ఊరి పేరే విలువ, రెండోదానికి ఊరి పేరుతో పని లేదు. ఈ తేడా ఎట్లా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

రేవు పేర్లు, వర్తకుల పేర్లు

సరుకుకు ఊరి పేరు పెట్టడం కొత్త సంగతేం కాదు. కాలికట్ రేవు నుంచి పోయిన బట్ట ఇంగ్లండులో కాలికో అయింది. భీమునిపట్నం రేవు నుంచి ఓడెక్కిన గోగునార బిమ్లీ జనపనార అయింది. అక్కడినుంచే పోయిన కరక్కాయలను కూడా తోళ్ల వర్తకులు బిమ్లీలనే పిలిచారు. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన రంగుగళ్ల రుమాళ్లు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు చేరాయి. నైజీరియాలో కలబారీ జనం పుట్టుకకు, చావుకు, పండగకు ఆ బట్టనే కట్టుకున్నారు, దానికి ఇంజిరి అని తమ భాషలో పేరు పెట్టుకున్నారు. వాళ్లకు మద్రాసు తెలుసు, చీరాల తెలియదు.

ఈ పేర్లన్నింటిలో ఒక సంగతి కనిపిస్తుంది. పేరు పెట్టింది చేసినవాళ్లు కాదు. ఓడకెత్తిన చోటు, లెక్క రాసుకున్న కొట్టు, కొన్న దేశం కలిసి పేరు పెట్టినయి. వలస పాలన నాటి ఎగుమతిలో ఊరి పేరు అంటే నిజానికి రేవు పేరు. రేవు పేరు అంటే వర్తకుడి పేరు. చేతి పని ఎవరిదో ఆ పేరులో ఎక్కడా లేదు.

నేత అనగానే పద్మశాలి, దేవాంగ కులాల పేర్లే చెప్పుకుంటాం. కానీ మాలలు కూడా నేతగాళ్లే. ముతక బట్ట, దుప్పట్లు, కూలిజనం కట్టుకునే పంచెలు మాల మగ్గాల మీద నేసినట్టు వలస పాలన నాటి కులాల గ్రంథాలే రాసినయి. షెడ్యూల్డు కులాల జాబితాలో మాల సాలె, నేతకాని అనే పేర్లు ఈనాటికీ వున్నాయి. కులం పేరులోనే మగ్గం వుంది. ఐనా మిల్లు నూలు, మిల్లు బట్ట వచ్చినప్పుడు మొదట దెబ్బతిన్నది ముతక నేతే. సన్ననేతకు, పట్టుకు, చిటికి పనికి కొనేవాళ్లు మిగిలారు కాబట్టి వాటికి ఊరి పేర్లు మిగిలినయి. వాడలో నేసిన ముతక బట్టకు పేరు పెట్టే అవసరం ఎవరికీ రాలేదు.

లంద నుంచి లండన్ దాకా

ఇంకా పెద్ద కథ తోలుది. తంగేడు చెట్టు బెరడు, కరక్కాయ, సున్నం, నీళ్లు: తెలంగాణ పల్లెల్లో మాదిగ వాడ పక్కన లందల్లో జరిగే పనికి కావలసినవి ఇవే. చచ్చిన పశువును ఎత్తుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి వుంచి, తొక్కి, ఎండబెట్టి చెప్పులు కుట్టారు, మోట బొక్కెనలు చేశారు, డప్పుకు తోలు మూశారు. ఊరి వ్యవసాయం మోట మీద నడిచినన్నాళ్లూ మాదిగ లేకుండా మడికి నీళ్లు లేవు. ఐనా ఆ పనికి రసాయన శాస్త్రమని పేరు రాలేదు, కంపని పేరొచ్చింది.

అదే తంగేడు చెక్కతో, అదే పద్ధతి మీద, 19వ శతాబ్దంలో మద్రాసు రాష్ట్రంలో పెద్ద ఎగుమతి పరిశ్రమ లేచింది. సగం శుద్ధి చేసిన ఆవు తోళ్లు, మేక, గొర్రె తోళ్లు లండన్ వేలంపాటల్లో ఈస్ట్ ఇండియా తోలు అనే పేరుతో అమ్ముడుపోయినయి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం బూట్ల పైతోలుకు ఆ సరుకునే వాడారు. ఈస్ట్ ఇండియా అనేది ఊరు కాదు, జిల్లా కాదు. అది ఒక కంపెనీ పేరులోని ముక్క. ఆ మాటే తోలుకు పుట్టిన చోటుగా చెలామణి అయింది.

ఈ ఎగుమతి పల్లెలో ఏం చేసిందో గమనించాలి. అంతకుముందు చచ్చిన పశువు తోలు మాదిగల చాకిరీకి ప్రతిఫలంలో భాగం. తోలుకు బజారు ధర వచ్చాక రైతుకు, షావుకారుకు దాని మీద కన్ను పడింది. తోలు వర్తకుల ద్వారా పట్నాల టానరీలకు పోయింది. వాడలోని లందలు ఒక్కొక్కటే ఎండిపోయినయి. తోలుకు విలువ పెరిగిన కొద్దీ దాన్ని శుద్ధి చేసేవాళ్లకు దాని మీద పట్టు తగ్గింది. 1973 నుంచి కేంద్ర ప్రభుత్వం సగం శుద్ధి చేసిన తోలు ఎగుమతి మీద కోటాలు పెట్టి, తయారైన సరుకు ఎగుమతిని పెంచింది. అది దేశానికి డాలర్లు తెచ్చిన విధానమే, కాదనం. కానీ యంత్రాలు, అప్పులు, లైసెన్సులు వున్నవాళ్లకే ఆ తలుపు తెరుచుకుంది.

ఈ.ఐ. లెదర్ అనే పేరు తర్వాత తమిళనాడు సరుకుగా భౌగోళిక గుర్తింపు రిజిస్టరులోకి ఎక్కింది. తంగేడు పువ్వు 2014లో కొత్త తెలంగాణకు రాష్ట్ర పుష్పమైంది. బతుకమ్మలో పేర్చే పువ్వుకు అంత గౌరవం దక్కింది, మంచిదే. ఆ చెట్టు చెక్కతో తోలుకు ప్రాణం పోసిన చేతులకు మాత్రం ఏ రిజిస్టరులోనూ చోటు లేదు. పువ్వు ఊరిదయింది, చెక్క వాడదిగా మిగిలింది.

చట్టం వచ్చిన దారి

ఊరి పేరును చట్టంతో కాపాడుకునే పద్ధతి యూరపులో, ముఖ్యంగా ఫ్రాన్సులో ద్రాక్షసారా వర్తకం చుట్టూ పెరిగింది. 1883 పారిస్ ఒప్పందం, 1891 మాడ్రిడ్ ఒప్పందం, 1958 లిస్బన్ ఒప్పందం దాని మెట్లు. గాట్ చర్చలు ముగిసి 1994లో మర్రకేష్‌లో సంతకాలైన ట్రిప్స్ ఒప్పందం దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. ఆ ఒప్పందంలో 22వ అధికరణం అన్ని సరుకులకూ మామూలు రక్షణ ఇస్తుంది. కొనేవాళ్లను మోసపుచ్చే విధంగా వాడితేనే అక్కడ తప్పు. 23వ అధికరణం ద్రాక్షసారాకు, ఘాటు మద్యానికి ప్రత్యేక రక్షణ ఇస్తుంది. ఫలానా ఊరి తరహా అని రాసుకున్నా అక్కడ తప్పే. అంటే సరుకుల్లో కూడా వర్ణవ్యవస్థ పెట్టారు. సారాయిది పై వర్ణం, బట్ట, బియ్యం, తోలుది కింది వర్ణం. 2001 దోహా సమావేశం నుంచి భారతదేశం సహా అనేక దేశాలు ఈ తేడా తీసెయ్యాలని అడుగుతున్నాయి. ఆ బేరం ఇప్పటికీ తెగలేదు.

1997లో అమెరికాలో రైస్‌టెక్ అనే కంపెనీకి బాస్మతి బియ్యం రకాల మీద పేటెంటు వచ్చినప్పుడు మన దేశంలో గగ్గోలు పుట్టింది. సొంత దేశంలో రక్షణ లేని పేరుకు బయటి దేశాలు రక్షణ ఇవ్వనక్కర లేదని ట్రిప్సే చెబుతుంది. అందుకని 1999 చివర్లో చట్టం చేశారు. అది 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రీ చెన్నైలో పెట్టారు. మొదటి పేరు డార్జిలింగ్ తేయాకు. తెలుగు నేల నుంచి మొదట పోయినవాటిలో పోచంపల్లి ఇక్కత్ వుంది.

పోచంపల్లికి రెండు చరిత్రలు

చిటికి పని 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో చీరాల వైపు నుంచి పోచంపల్లికి వచ్చింది. చీరాల తేలియా రుమాలు అరబ్బు దేశాలకు ఎగుమతయ్యే సరుకు. నూలును ముందే కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఆ తర్వాత మగ్గమెక్కించే ఈ నేత నల్లగొండ జిల్లా ఊర్లలో పట్టుచీర దాకా పెరిగింది. పోచంపల్లి చేనేత సహకార సంఘం, పట్టుచీరల తయారీదారుల సంఘం కలిసి దరఖాస్తు చేస్తే, 2004-05లో పోచంపల్లి పేరు రిజిస్టరైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది.

అదే ఊరికి ఇంకో చరిత్ర వుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు ఆ ఊరి హరిజనవాడ జనం 80 ఎకరాల భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అట్లా పుట్టింది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. ఒకసారి ఆలోచించండి. ఆ ఊరి పేరు దేశమంతా మొదటిసారి మోగింది వాడ నోరు తెరిచి భూమి అడిగినందుకు. కానీ చరిత్రలో దానమిచ్చినవాడి పేరు నిలిచింది, అడిగినవాళ్లు హరిజనులు అనే ఒక్క మాటలో కలిసిపోయారు. యాభై ఏళ్లు దాటాక అదే ఊరి పేరు బట్ట మీద ముద్రయింది. ఈసారి వాడ ఊసే లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చెయ్యాలి. మా తగాదా పద్మశాలి నేతగాళ్లతో కాదు. 1991లో నూలు ధరలు పెరిగి చీరాల ప్రాంతంలో నేతగాళ్లు ఆకలిచావులు చచ్చారు. నూలు ఎగుమతికి పోతుంటే మగ్గానికి నూలు లేకుండా పోయిన రోజులవి. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం 22 రకాల బట్టను మగ్గానికి కేటాయిస్తే తర్వాత వాటిని 11కి కుదించారు. నేత ఇళ్లల్లో ఆడవాళ్లు ఆసు పోస్తూ ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి భుజాలు పడిపోయిన సంగతి, తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసిన తర్వాతనే లోకానికి తెలిసింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పేరు రిజిస్టరైనంత మాత్రాన ఆ ఆడవాళ్లకు కూలి పెరగలేదు. చట్టం కాపాడేది పేరును, డిజైనును కాదు. మిల్లు గుడ్డ మీద చిటికి గీతలు అచ్చుకొట్టి, పోచంపల్లి పేరు రాయకుండా అమ్మితే ఈ చట్టం ఏమీ చెయ్యలేదు. కాబట్టి నేతగాళ్లూ వాడ జనమూ ఇక్కడ ఒకే పక్షం.

ఉత్పత్తిదారు ఎవరు?

అసలు మెలిక చట్టం నిర్వచనంలో వుంది. ఈ చట్టంలో ఉత్పత్తిదారు అంటే సరుకు చేసేవాళ్లు. అంతవరకు బాగానే వుంది. కానీ ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉత్పత్తిదారులే అని అదే నిర్వచనం చివర్లో కలిపారు. దీంతో మాస్టర్ వీవరు, షావుకారు, ఎగుమతిదారు అందరూ నేతగాడితో సమానంగా ఉత్పత్తిదారు కుర్చీలో కూర్చోవచ్చు. కూలికి నేసేవాళ్లు, రంగు ముంచేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు మాత్రం తాము కూడా ఉత్పత్తిదారులమేనని రుజువు చేసుకోవాలి.

పేరును రిజిస్టరు చేయించుకునేది సంఘమో, చట్టబద్ధమైన సంస్థో. ఆ పేరు వాడుకోవాలంటే ఒక్కొక్కరు అధీకృత వాడకందారుగా నమోదు కావాలి. 2020 దాకా ఆ దరఖాస్తును సంఘంతో కలిసి పెట్టాలి, ఫీజు 500 రూపాయలు. 2020లో నిబంధనలు మార్చి ఫీజు 10 రూపాయలు చేశారు, వాడకందారు సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఇది మంచి మార్పు. కానీ ఈ సంగతి వాడ దాకా, కూలి మగ్గాల దాకా చేరవేసేది ఎవరు? దరఖాస్తుతో పాటు ప్రాంతం మ్యాపు జతచెయ్యాలని చట్టం అంటుంది. ఆ మ్యాపులో మండలాలుంటాయి, ఊర్లుంటాయి. ఏ మ్యాపులోనూ ఊరికీ వాడకూ మధ్య గీత కనిపించదు. కనిపించని గీతే గట్టిగా పనిచేస్తుంది.

సరుకు లక్షణాలు రాసే కాగితం ఇంకో గీత. హైదరాబాదు హలీం 2010లో హలీం తయారీదారుల సంఘం పేరున రిజిస్టరైంది. ఆ తయారీ పద్ధతిలో మేక మాంసం, గోధుమలు, నెయ్యి వున్నాయి. ఇదే నగరంలో బస్తీల్లో పేద ముస్లిములు, దళితులు తినే పెద్దకూర హలీం కూడా హైదరాబాదుదే, రంజాన్ నెలదే. దానికి ఆ పేరు చెల్లదు. ఏది అసలు, ఏది నకిలీ అని రాసేచోట ఎవరి తిండి ఊరి తిండి అనే తీర్పు కూడా జరిగిపోతుంది.

కొల్హాపురి చెప్పు నేర్పేది

తోలు పని చేసే దళితులకు ఈ చట్టం కింద దారి లేదని కాదు. కొల్హాపురి చెప్పులకు 2019లో గుర్తింపు వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు కార్పొరేషన్లు రెండూ దానికి హక్కుదార్లు. ఆ చెప్పు కుట్టేది ఎక్కువగా దళిత కులాలే. 2025 జూన్‌లో ఇటలీలోని ప్రాడా కంపెనీ మిలాన్ ప్రదర్శనలో అట్లాంటి చెప్పులే చూపించి, కొల్హాపూర్ పేరెత్తలేదు. గొడవ జరిగాక, మన చెప్పుల ప్రేరణేనని ఒప్పుకుంది. బొంబాయి హైకోర్టులో వకీళ్లు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం జులైలో కొట్టేశారు, హక్కుదార్లు రావాలన్నారు. డిసెంబరులో ఆ రెండు కార్పొరేషన్లతో ప్రాడా ఒప్పందం కుదుర్చుకుంది.

దీన్నుంచి మేం రెండు సంగతులు నేర్చుకున్నాం. ఒకటి, పేరు రిజిస్టరులో వుండబట్టే అంత పెద్ద కంపెనీ మాట్లాడక తప్పలేదు. రెండు, కోర్టుకు పోవాల్సింది కార్పొరేషన్, ఒప్పందం రాసుకున్నది కార్పొరేషన్. కుట్టే చేతులు అక్కడ కూడా వెనక వరసలోనే వున్నాయి. కార్పొరేషన్ మనదైతే పేరు మనది, కార్పొరేషన్ నిద్రపోతే పేరు కూడా నిద్రపోతుంది.

మాకు కావలసింది ఏమిటి?

కొందరు మిత్రులు ఇట్లా అడగొచ్చు: తోలు పని నుంచి, వెట్టి నుంచి బయటపడడమే కదా మన ఉద్యమం, మళ్లీ కులవృత్తికి పేరు కావాలనడమేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనే మెట్లుగా విడదీసిందని అంబేద్కర్ 1936లోనే వాదించాడు. భౌగోళిక గుర్తింపు దరఖాస్తులేమో తరతరాల వంశపారంపర్య నైపుణ్యమని మురిసిపోతాయి. వంశపారంపర్యం అనే మాట ఊరికి గొప్ప, వాడకు సంకెల. మాదిగ పిల్లలు లంద కాడనే వుండాలని మేం కోరడం లేదు. మేం కోరేది వేరు: ఆ పని వందల ఏళ్లు చేసి నిలిపిన జ్ఞానానికి యజమానులెవరో రాతపూర్వకంగా తేలాలి. పని వదిలేసే హక్కు, పనికి పేరు పొందే హక్కు రెండూ ఒక్కరివే. కంపు మనకు, పేరు ఇంకొకరికి అనే పాత పంపకం ఇక చెల్లదు.

కాబట్టి చెయ్యదగిన పనులు కొన్ని వున్నాయి. డప్పు తయారీ, తంగేడు చెక్క తోలు, నేతకాని ముతక నేత: వీటి పద్ధతులను వాడల్లో పెద్దవాళ్లను అడిగి ఇప్పుడే రాసిపెట్టాలి, ఎందుకంటే దరఖాస్తుకు చరిత్ర రుజువు అడుగుతారు. ఇప్పటికే రిజిస్టరైన పేర్ల కింద అధీకృత వాడకందార్లు ఎవరెవరో చూడాలి. రిజిస్టరు బహిరంగమే. కూలి మగ్గాల వాళ్లను, ఆడవాళ్లను పది రూపాయల ఫీజుతో అందులో చేర్పించాలి. ఉత్పత్తిదారు నిర్వచనం నుంచి వ్యాపారిని తప్పించాలని, పేరు మీద వచ్చే ధరలో కూలి వాటా రాయాలని అడగాలి.

ఇక నాచారం సంగతి. షెడ్డులో కుట్టే పనికి ఈ చట్టం ఎన్నడూ రాదు, ఎందుకంటే ఆ సరుకు గుణం నేల నుంచి వచ్చిందని ఎవరూ చూపలేరు. అక్కడ దిక్కు కనీస వేతన చట్టం, యూనియన్. మగ్గం వదిలి, లంద వదిలి ఉప్పల్‌లో బస్సు దిగిన మనిషి ఒక చట్టం నుంచి ఇంకో చట్టంలోకి నడిచి వచ్చినట్టే. మొదటి చట్టం ఊరిని కాపాడి మనిషిని మరిచింది. రెండోదానికి మనిషి కనబడతాడు గానీ, అమలు చేయించుకునే సంఘం వుంటేనే. ఊరి పేరు కోసం కొట్లాడేవాళ్లూ, ఊరి పేరే లేని షెడ్డులో కూలి కోసం కొట్లాడేవాళ్లూ చాలాచోట్ల ఒకే ఇంటి వాళ్లు. ఆ రెండు కొట్లాటలను రెండు సంఘాలుగా, రెండు వాడలుగా విడిపోనివ్వకుండా చూడడం ఇప్పుడు మన కార్యకర్తల పని.